ఊరడం నుంచి పడటం దాకా: బండనేలలో నీటి పరిభాష, తెలుగు విమర్శ

వ్యాససంగ్రహం

బండనేలలో దొరికే నీటిని గురించి తెలుగులో రెండు పరిభాషలు నడుస్తున్నాయి. ఒకటి ‘భూగర్భజలం’, ‘పాతాళగంగ’ వంటి గ్రాంథిక, పత్రికా పదాలది. రెండవది ‘ఊట’, ‘మొరం’, ‘జాలు’, ‘ఇంకు’ వంటి సేద్యపు పదాలది. మొదటిది అడుగులేని లోతును ఊహింపజేస్తే, రెండవది పలుచని పొరను, దానికి పట్టే కాలాన్ని చెబుతుంది. మొయినాబాద్, చేవెళ్ల మండలాల నేలను, ముఖ్యంగా హిమాయత్‌నగర్ గ్రామ పరిసరాలను ఆధారంగా చేసుకొని, ఈ రెండు పరిభాషల మధ్య తేడా సాహిత్య విమర్శలోనూ, ప్రభుత్వ పాఠాల్లోనూ ఎలాంటి ఫలితాలకు దారితీసిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ఊట, మొరం, బోరు, దకార్గళం, వృత్తిపదాలు, జీవో 111, హిమాయత్‌సాగర్.

1. ఉపోద్ఘాతం

హైదరాబాదు నడిబొడ్డున ఉన్న హిమాయత్‌నగర్ వేరు, ఇక్కడ ప్రస్తావించే హిమాయత్‌నగర్ వేరు. ఇది మొయినాబాద్ మండలంలో, నగరం నుంచి చేవెళ్లకు పోయే దారిలో ఉన్న గ్రామం. ఈ దారికి ఒకవైపు మూసీ మీద కట్టిన ఉస్మాన్‌సాగర్ పరీవాహకం, మరొకవైపు ఈసీ మీద కట్టిన హిమాయత్‌సాగర్ పరీవాహకం ఉన్నాయి. 1908 సెప్టెంబరులో వచ్చిన మూసీ వరద తర్వాత, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనలతో రూపుదిద్దుకున్న ఈ జలాశయాలలో మొదటిది 1920లో, రెండవది 1927లో పూర్తయ్యాయి. నగరానికి వరద రాకుండా, నగరానికి తాగునీరు వచ్చేలా కట్టినవి ఇవి. వీటి కథను నగరం వైపు నుంచి చెప్పడం అలవాటైపోయింది. ఎగువన ఉన్న గ్రామాల నేల కింద ఏం జరుగుతోందన్నది ఆ కథలో పెద్దగా చోటుచేసుకోలేదు.

ఈ ప్రాంతపు నేల అడుగున ఉన్నది ప్రధానంగా అతి ప్రాచీనమైన గ్రానైట్, నైస్ శిల. చేవెళ్ల దాటి వికారాబాద్ దిశగా సాగితే దక్కను నల్లరాయి, దాని మీద నల్లరేగడి ఎదురవుతాయి. మొయినాబాద్ వైపు మాత్రం గ్రానైటే. ఇసుక నేలల్లో నీరు గింజకూ గింజకూ మధ్య ఉంటుంది. గ్రానైట్ గింజల మధ్య అలాంటి ఖాళీ లేదు. నీరు నిలవాలంటే ఆ రాయి చివికిపోవాలి, లేదా పగలాలి. ఇంత చిన్న భౌతిక సత్యాన్ని తెలుగు భాష ఏయే మాటలలో పట్టుకుంది, ఏయే మాటలలో జారవిడిచింది అన్నదే ఇక్కడి ప్రశ్న.

2. గర్భం, పాతాళం, ఊట

‘భూగర్భజలం’ అన్న సమాసంలో దోషమేమీ లేదు. గర్భ శబ్దానికి ‘లోపలి భాగం’ అన్న అర్థం ఉన్నదే. భూగర్భశాస్త్రం అన్నప్పుడు ఎవరికీ అభ్యంతరం లేదు. చిక్కు ఆ మాట పోగుచేసుకున్న ధ్వనిలో ఉంది. గర్భం అనగానే తల్లి, అక్షయం, దాచిపెట్టిన నిధి స్ఫురిస్తాయి. పత్రికలు దానికి ‘పాతాళగంగ’ను జోడించాయి. గంగ పైకి వచ్చిందనీ, అడుగంటిందనీ, మరింత లోతుకు పోయిందనీ ప్రతి వేసవిలో చదువుతూనే ఉంటాం. ఈ రూపకం ప్రకారం నేల కింద ఎక్కడో ఒక నది ఉంది. దాన్ని అందుకోలేకపోవడానికి కారణం మన గొట్టం పొడవు చాలకపోవడమే. (శ్రీశైలంలో పాతాళగంగ అని పిలిచేది మెట్లు దిగితే కనబడే కృష్ణానదినే. అక్కడ ఆ మాటలో మోసం లేదు.)

‘ఊట’ ఇందుకు పూర్తిగా భిన్నమైన మాట. అది ‘ఊరు’ అనే క్రియ నుంచి పుట్టింది. ఊరగాయ ఊరుతుంది, నానబెట్టిన గింజ ఊరుతుంది, నోరూరుతుంది, బావి ఊరుతుంది. ఈ ప్రయోగాలన్నింటిలో ఉమ్మడిగా ఉన్నది కాలం. ఊరడం వెంటనే జరిగేది కాదు, దాన్ని తొందరపెట్టలేం. మోట నడిచిన కాలంలో బావి నీరు తోడి, మోట ఆపి, మళ్లీ ఊరేదాకా ఆగడం సేద్యంలో భాగం. భూగర్భజలం ఒక చోట ఉన్న నిల్వను చెప్పే నామవాచకం. ఊట ఒక జరుగుబాటును చెప్పే నామవాచకం. ‘ఇంకు’ అనే క్రియను కూడా దీని పక్కన పెట్టి చూస్తే భాషలోని పొందిక మరింత తెలుస్తుంది. పైన పడ్డ నీరు ఇంకుతుంది, కింద ఊరుతుంది. శాస్త్రం చెప్పే నీటి పునర్భరణం, స్రావం అనే రెండు దశలకూ తెలుగులో రెండు చిన్న క్రియలు ముందునుంచే ఉన్నాయి. 2000లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ‘నీరు–మీరు’ కార్యక్రమ కాలంలో ‘ఇంకుడుగుంత’ అన్న మాట ఊరూరా స్థిరపడిందంటే అందుకు ఈ క్రియ బలమే కారణం. ‘పునర్భరణ గుంత’ అని ఉంటే ఆ పని జరిగేది కాదు.

నీరున్న శిలను సూచించే ‘ఎక్విఫర్’ అన్న మాటకు ‘జలస్తరం’, ‘జలవాహక పొర’ వంటి అనువాదాలు పాఠ్యపుస్తకాల్లో కనిపిస్తాయి. ఇవి పొరను ఒప్పుకున్నాయి గనుక కొంత నయం. కానీ ఆ పొర దేనితో తయారైందో ఇవి చెప్పవు. రైతు చెబుతాడు: పైన మన్ను, దాని కింద మొరం, దాని కింద బండ. మొరం అంటే చివికిన గ్రానైటే. రోడ్ల మీద పోసే ఎర్రటి గరుసుమట్టిగా మాత్రమే నగరవాసికి పరిచయమైన ఈ పదార్థమే బండనేలలో నీటికి అసలు కుండ.

3. కుండ ఎంత లోతు?

మొయినాబాద్‌కు చాలా దూరం కాని మహేశ్వరంలో, 53 చదరపు కిలోమీటర్ల పరీవాహకంలో, హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, ఫ్రెంచి శాస్త్రజ్ఞులు కలిసి దీర్ఘకాలం పరిశోధించారు. వారి నిర్ధారణల సారం ఇది: పైన పది పదిహేను మీటర్ల మేర చివికిన రాయి, దాని కింద మరో పదిహేను ఇరవై మీటర్ల మేర అడ్డంగా పరుచుకున్న సన్నని పగుళ్లతో నిండిన రాయి, ఆ కింద దాదాపు ఏ పగులూ లేని గట్టి బండ. చివికిన పొర ప్రధానంగా నీటిని నిల్వ చేస్తుంది, పగుళ్ల పొర దాన్ని నడిపిస్తుంది. లోతు పెరిగేకొద్దీ పగుళ్లు పలుచబడతాయి. చాలా లోతున కూడా అక్కడక్కడ పెద్ద చీలికలు తగలవచ్చు కానీ అవి మినహాయింపులే. ఈ పరిశోధన చెప్పిన మరో ముఖ్య విషయం, అధికంగా తోడటం వల్ల పై మొరం పొర చాలాచోట్ల ఎండిపోయి, నీరు కింది పగుళ్ల పొరకే పరిమితమైందన్నది.

ఈ కుండలో ఎంత పడుతుందో తెలుసుకోవడానికి ఒక చిన్న లెక్క వేయవచ్చు. 1997 నాటి భూగర్భజల వనరుల అంచనా సంఘం పద్ధతి ప్రకారం, చివికిన గ్రానైట్ నుంచి మనం తోడుకోగల నీరు దాని పరిమాణంలో నూటికి ఒకటిన్నర నుంచి మూడు వంతులు. బంకమన్ను ఎక్కువైతే తగ్గుతుంది. రెండు వంతులు అనుకుందాం. ఒక ఎకరం విస్తీర్ణంలో ఒక మీటరు మందం మొరం నుంచి వచ్చేది సుమారు 81 వేల లీటర్లు. వరి పంట కాలానికి 1200 మిల్లీమీటర్ల నీరు కావాలనుకుంటే, ఎకరానికి దాదాపు 48 లక్షల 50 వేల లీటర్లు అవసరం. అంటే ఆ ఎకరం కింద అరవై మీటర్ల మందాన మొరం ఉండాలి. అంత మొరం ఎక్కడా లేదు. పెట్టిన నీటిలో సగం మళ్లీ నేలలోకే ఇంకిపోయిందనుకున్నా ముప్పై మీటర్లు కావాలి. మరి వాన ఎంత ఇస్తుంది? ఏడాదికి 800 మిల్లీమీటర్లు కురిసి, అదే పద్ధతి సూచించినట్లు అందులో నూటికి 11 వంతులు ఇంకితే, 88 మిల్లీమీటర్లు. ఇది ఎకరానికి మూడున్నర లక్షల లీటర్లు. బావిలో నీటిమట్టం నాలుగు మీటర్లకు పైగా పెరుగుతుంది. నాలుగు మీటర్ల పెరుగుదలను చూసిన కన్ను సంతోషిస్తుంది. లెక్క మాత్రం వరికి కావలసిన దానిలో పదమూడో వంతు కూడా రాలేదని చెబుతుంది.

ఈ అంకెలను ఇక్కడ ఇవ్వడం శాస్త్రపాఠం కోసం కాదు. ‘పాతాళం’ అన్న మాట ఈ నేలకు వర్తించదని చెప్పడానికి. బండనేలలో లోతు అంటే సమృద్ధి కాదు. బోరు బండి వెయ్యి అడుగులు దిగినప్పుడు అది గంగను వెదుకుతున్నది కాదు, ఖాళీ కుండ అడుగును దాటి పోతున్నది. అందులోనూ ఒక వైచిత్రి ఉంది. మొరం కూలకుండా బోరులో గట్టి బండదాకా కేసింగ్ పైపు దింపుతారు. ఆ పైపు, కుండలో మిగిలిన కాస్త నీటికీ బోరుకూ మధ్య గోడగా నిలుస్తుంది. ఏ పగుళ్ల గుండానో చుట్టు తిరిగి వస్తేనే అది బోరులోకి చేరుతుంది.

4. దకార్గళం: సిర అనే ఊహ

పాతాళగంగ అన్న రూపకం ఆధునిక పత్రికల సొంతమని చెప్పి, పాత శాస్త్రమంతా సరైనదని అనడానికి వీలులేదు. ఆరవ శతాబ్దానికి చెందిన వరాహమిహిరుని బృహత్సంహితలో దకార్గళం అనే అధ్యాయం ఉంది. సారస్వతుని మతాన్నీ, మనువు మతాన్నీ ఆధారం చేసుకొని నూటికి పైగా శ్లోకాల్లో నేల కింది నీటిని గుర్తించే పద్ధతిని అది చెబుతుంది. చెట్లు, పుట్టలు, మట్టి రంగు, రాతి రకం దానికి గుర్తులు. లోతుకు కొలమానం ‘పురుష’, అంటే చేతులెత్తి నిలబడ్డ మనిషి ఎత్తు. చాలా చోట్ల చెప్పిన లోతు కొద్ది పురుషలే. మరుభూముల ప్రసక్తి వచ్చినప్పుడు అది పెరుగుతుంది. పొర పలుచనిదన్న ఎరుక ఈ కొలతలోనే ఉంది.

అయితే ఈ అధ్యాయపు మూల ఊహ ‘సిర’. మనిషి ఒంట్లో నరాలున్నట్లు నేలలో నీటి సిరలున్నాయని వరాహమిహిరుడు భావించాడు. పగుళ్ల గుండా నీరు నడిచే బండనేలకు ఈ ఊహ కొంతవరకు సరిపోతుంది కూడా. కానీ నరంలో నెత్తురు ఎప్పుడూ పారుతూనే ఉంటుంది. పగులులో నీరు పైనున్న మొరం తడిగా ఉన్నంతకాలమే. సిర దొరికితే చాలు, నీరు దానంతట అదే వస్తుందన్న భ్రమకు ఇక్కడే బీజం పడింది. కొబ్బరికాయ, వేపపుల్ల పట్టుకొని పొలంలో నడిచే నీటి జాడగాళ్ల భాషలో నేటికీ వినిపించే ‘జల’ ఈ సిరకు వారసురాలే. ఆ పుల్ల నిజం చెబుతుందా లేదా అన్నది ఇక్కడి చర్చ కాదు. అది అడిగే ప్రశ్న ‘ఎక్కడ’ అన్నది మాత్రమే. ‘ఎంత’, ‘ఎన్నాళ్లు’ అన్నవి దానికి పట్టవు. ప్రాచీన శాస్త్రాన్ని సంప్రదాయ జ్ఞానంగా కొనియాడే వ్యాసాలు ఈ తేడాను గమనించవు. దకార్గళంలో మెచ్చదగినది సిర కాదు, ఆ అధ్యాయం మొదట్లోనే చేసిన మరో పరిశీలన: ఆకాశం నుంచి ఒకే రంగుతో, ఒకే రుచితో పడిన నీరు నేల భేదాన్ని బట్టి నానారుచులను, నానావర్ణాలను పొందుతుందన్నది. నీటి నాణ్యతను శిలతో ముడిపెట్టిన ఈ వాక్యానికి మళ్లీ రావలసి ఉంది.

5. కథలో బోరు, విమర్శలో కనబడని బండ

1990ల తర్వాతి తెలంగాణ కథలో, పాటలో, కవితలో ఎండిన బావి, విఫలమైన బోరు పదేపదే వచ్చే దృశ్యాలు. పెద్దింటి అశోక్ కుమార్ కథల సంపుటికి ‘ఊటబాయి’ అన్న పేరు ఉండటం, ‘కుబుసం’ (2002) చిత్రంతో ఊరూరా వ్యాపించిన గోరటి వెంకన్న పల్లెపాట చేతివృత్తుల విధ్వంసాన్ని పల్లె కన్నీరుగా పాడటం, అవి వెలువడిన కాలాన్ని చెబుతాయి. విమర్శ ఈ సాహిత్యాన్ని శ్రద్ధగానే చదివింది. ప్రపంచీకరణ, సంస్థాగత రుణం దొరకకపోవడం, వడ్డీవ్యాపారం, కరెంటు, ఆత్మహత్య అనే వరుసలో బోరును నిలబెట్టింది. ఆ వరుస తప్పు కాదు. బోరు వేసిన అప్పే అనేక కుటుంబాలను కూల్చింది. కానీ ఈ చదువులో బోరు ఒక ప్రతీకగా మిగిలిపోయింది. అది దిగిన బండకు అర్థం లేకుండా పోయింది.

బండను లెక్కలోకి తీసుకుంటే చదువు ఎలా మారుతుందో ఒక్క క్రియను పట్టుకొని చూడవచ్చు. బావి ఊరుతుంది. బోరు ‘పడుతుంది’. ‘బోరు పడ్డది’, ‘రెండించుల నీళ్లు పడ్డయి’ అంటారు. పడకపోతే ‘బోరు పోయింది’, కొన్నాళ్లు పోసి ఆగితే ‘ఎత్తిపోయింది’. ‘పడు’ అనేది అదృష్టపు క్రియ. పాచిక పడుతుంది, పందెం పడుతుంది. ఊరడంలో కాలం ఉంది, ఓపిక ఉంది. పడటంలో క్షణం ఉంది, జూదం ఉంది. రెండు తరాల లోపల ఒక సమాజం నీటిని గురించి మాట్లాడే ప్రధాన క్రియ మారిపోయిందంటే, ఆ మార్పును వట్టి యంత్రం తెచ్చిన మార్పుగా కొట్టివేయలేం.

ఇక్కడ శాస్త్రం విమర్శకు నేరుగా ఉపయోగపడుతుంది. నల్గొండ వైపు చౌటుప్పల్‌లో జరిపిన ప్రయోగాలు గ్రానైట్‌లో నీటి నడక గురించి ఒక విశేషాన్ని బయటపెట్టాయి. నీటిమట్టం పైన ఉన్నప్పుడు, అడ్డంగా పరుచుకున్న పగుళ్ల పొర గుండా బావులన్నీ ఒకదానితో ఒకటి కలిసి ఉంటాయి. ఒక బావిలో తోడితే దాని ప్రభావం పొరుగు బావికి తెలుస్తుంది. మట్టం ఆ పొర కిందికి దిగిపోయినప్పుడు సంబంధాలు తెగుతాయి. ప్రతి బోరూ తన చుట్టూ ఉన్న చిన్న పగుళ్ల గుంపుతో ఒంటరి గదిగా మిగులుతుంది. ఒకరి బోరు పోస్తుంది, పది గజాల దూరంలోని మరొకరి బోరు దుమ్ము లేపుతుంది. కథల్లో తలరాతగా, అన్నదమ్ముల మధ్య అసూయగా, దేవుడి పక్షపాతంగా వచ్చే దృశ్యం ఇదే. అది రచయిత నాటకీయత కోసం కల్పించింది కాదు. నేల కింద పొర అడుగంటిందనడానికి అచ్చమైన ఆనవాలు. నీరు సమృద్ధిగా ఉన్నన్నాళ్లూ అది ఉమ్మడిది, భౌతికంగానే ఉమ్మడిది. అది తగ్గాక అదృష్టం పుడుతుంది. కాబట్టి ‘పడు’ అన్న క్రియ, అడుగంటిన పొర తనకు తాను పలికించుకున్న మాట. ఈ దృష్టితో చూసినప్పుడు బోరు కథల్లోని విధివాదాన్ని విమర్శకులు చైతన్యలోపంగా తీసిపారేయడం తొందరపాటు అనిపిస్తుంది. ఆ విధికి ఒక చరిత్ర ఉంది. అది పంపుసెట్లతో, వరితో, రాత్రి కరెంటుతో పాటు వచ్చింది.

ఇలాంటి చదువుకు కావలసిన సామగ్రి తెలుగులో లేకపోలేదు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో వెలువరించిన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలకే కేటాయించినది. దాన్ని భాషాశాస్త్రవేత్తలు మాండలిక భేదాల కోసం చదివారు. రైతుకు నేల గురించి ఏం తెలుసో చెప్పే జ్ఞానకోశంగా సాహిత్య విమర్శ దాన్ని వాడుకోవడం అరుదు. అది వచ్చిన నాటికి బోరు బండి ఇంకా పల్లెకు రాలేదు. మోట, ఊటల పదాలను ఏరుకోవడానికి అది సరైన సమయంలో జరిగిన పని. కేసింగ్, ఇంచుల నీళ్లు, ఎత్తిపోవడం వంటి తర్వాతి తరం మాటలకు కూడా అంతే శ్రద్ధ దక్కవలసి ఉంది.

6. నాలుక చెప్పలేనిది

వృత్తిపదాల పక్షాన ఇంతవరకు చెప్పినదానికి ఒక హద్దు ఉంది. నీటి నాణ్యత దగ్గర ఆ పరిభాష తడబడుతుంది. మంచినీళ్లు, సప్పనీళ్లు, ఉప్పునీళ్లు, చౌటనీళ్లు అన్న విభజన మొత్తం నాలుక మీద ఆధారపడింది. పప్పు ఉడుకుతుందా, సబ్బు నురుగు వస్తుందా అన్నవి దానికి తోడు పరీక్షలు. లవణాలకు, కాఠిన్యానికి ఇవి చక్కగా పనిచేస్తాయి. గ్రానైట్‌లోని ఖనిజాల నుంచి కరిగి వచ్చే ఫ్లోరైడ్‌కు రుచి లేదు, రంగు లేదు. తియ్యటి బావి అని ఊరంతా మెచ్చుకున్న నీళ్లే ఎముకలను వంచగలవు. 1937లో నాటి మద్రాసు రాష్ట్రపు నెల్లూరు జిల్లాలో ఈ వ్యాధిని శాస్త్రీయంగా వర్ణించారు. మన దేశంలో ఇదే తొలి వర్ణన. నల్గొండ పేరు దానితో ఎంతగా ముడిపడిందంటే, పటిక, సున్నం వాడి ఫ్లోరైడ్‌ను తగ్గించేందుకు 1970లలో నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ రూపొందించిన పద్ధతికి ‘నల్గొండ విధానం’ అన్న పేరే స్థిరపడింది. భారత ప్రమాణం ప్రకారం తాగునీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము దాకా ఆమోదయోగ్యం, మరో వనరు లేకపోతే ఒకటిన్నర దాకా సహించవచ్చు. ఈ అంకెను నాలుక చదవలేదు.

నేల భేదం వల్ల నీటికి నానారుచులు వస్తాయన్న వరాహమిహిరుని పరిశీలన ఇక్కడ సగమే నిలుస్తుంది. నేల భేదం నిజం; అది ప్రతిసారీ రుచిగా బయటపడుతుందన్నది నిజం కాదు. పైగా ఈ భేదం స్థిరమైనది కూడా కాదు. తోడిన నీటినే పొలానికి పెట్టి, అందులో కొంత ఆవిరై, మిగిలింది మళ్లీ ఇంకి, మళ్లీ తోడినప్పుడు లవణాలు, ఫ్లోరైడ్ క్రమంగా చిక్కబడతాయి. ఎరువుల నుంచి, మలినాల గుంతల నుంచి నైట్రేటు చేరుతుంది. దాని హద్దు లీటరుకు 45 మిల్లీగ్రాములు. అంటే బండనేలలో నీటి నాణ్యత, నీటి పరిమాణం రెండు వేర్వేరు అధ్యాయాలు కావు. పొర పలుచబడేకొద్దీ నీరు చెడుతుంది. 2016లో మొదలైన మిషన్ భగీరథ నదుల నీటిని ఇళ్లకు తెచ్చి ఫ్లోరైడ్ బాధకు జవాబు చెప్పింది. ఆ జవాబు తాగే నీటికి బండను విడిచిపెట్టడమే. పొలానికీ పశువుకూ బండ నీరే మిగిలింది.

7. దూరాన్ని కొలిచిన పాఠాలు

హిమాయత్‌నగర్ పేరు చేరిన ప్రభుత్వ పాఠం 1996 మార్చి 8 నాటి జీవో 111. రెండు జలాశయాల పూర్తి నీటిమట్టం నుంచి పది కిలోమీటర్ల మేర పరీవాహకంలో కాలుష్యకారక పరిశ్రమలను, పెద్ద హోటళ్లను, నివాస కాలనీలను నిషేధించిన ఉత్తర్వు అది. 84 గ్రామాలు దాని పరిధిలోకి వచ్చాయి. సాహిత్య విద్యార్థి దాన్ని ఒక పాఠంగా చదివితే ముందుగా కంటికి తగిలేది దాని కొలమానం. అది దూరాన్ని కొలిచింది. 2002 నాటి నీరు, నేల, చెట్టు చట్టం కూడా ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు కొత్త బావిని నిషేధించినప్పుడు దూరాన్నే కొలిచింది. దూరం చట్టానికి సులువు; పటం మీద గీయవచ్చు, కోర్టులో నిరూపించవచ్చు. నేల కింది నీరు మాత్రం మొరం మందాన్ని, పగుళ్ల వాలును, అడ్డుగా నిలిచిన డోలరైట్ గోడలను చూసి నడుస్తుంది. అది ఒకచోట పది మీటర్లు కదలడానికి ఏళ్లు తీసుకోవచ్చు, మరోచోట చీలిక దొరికితే చాలా దూరం పోవచ్చు.

ఈ తేడా ఒకసారి దేశపు అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్లింది. హిమాయత్‌సాగర్ పరీవాహకంలో, శంషాబాద్ మండలం పెద్దషాపూర్‌లో ఆముదపు నూనె ఉత్పత్తుల పరిశ్రమ ఒకటి పెట్టాలనుకున్నప్పుడు కాలుష్య నియంత్రణ మండలి నిరాకరించింది. అప్పీలు అధికారి అనుమతించారు, హైకోర్టు జోక్యం చేసుకోలేదు. సుప్రీంకోర్టు 1999 జనవరి 27న, మళ్లీ 2000 డిసెంబరు 1న ఇచ్చిన తీర్పులు భారత పర్యావరణ న్యాయంలో సుప్రసిద్ధమైనవి. వాటిని రాసిన న్యాయమూర్తి ఎం. జగన్నాధరావు తెలుగువారు. పరిశ్రమ వ్యర్థం నేల మీది నుంచో, నేల లోపలి నుంచో జలాశయానికి చేరుతుందా అన్న ప్రశ్న మీద నిపుణుల అభిప్రాయాలు పరస్పరం విభేదించినప్పుడు, శాస్త్రానికి ఉన్న అనిశ్చితినే తీర్పు తన వాదానికి పునాదిగా చేసుకుంది. హాని జరగదని నిరూపించే భారం మార్పు తెచ్చేవారి మీదే ఉంటుందని చెప్పింది. పది కిలోమీటర్ల నిషేధం నుంచి ఒక పరిశ్రమకు మినహాయింపు ఇచ్చే అధికారం రాష్ట్రానికి లేదని తేల్చింది. దూరాన్ని కొలిచే చట్టానికి, దూరాన్ని పట్టించుకోని నీటికి మధ్య వంతెన కట్టిన పాఠమిది: బండలో నీరు ఎటు పోతుందో కచ్చితంగా తెలియదు కనుకనే వలయం గీయాలి. తెలుగులో న్యాయసాహిత్యం మీద విమర్శ పెరగాలని కోరుకునేవారికి ఇంతకన్నా దగ్గరి పాఠం దొరకదు.

2022 ఏప్రిల్ 12న వెలువడిన జీవో 69 ఈ ఆంక్షలను తొలగించింది. అందుకు చూపిన ప్రధాన కారణం, నగరపు తాగునీటి అవసరాలకు ఈ రెండు జలాశయాలు ఇప్పుడు ముఖ్యం కావన్నది. మంజీరా, కృష్ణా, గోదావరి నీళ్లు వచ్చాయి గనుక అందులోని లెక్క తప్పు కాదు. లెక్క వేసిన చోటు ఒక్కటే, నగరపు నల్లా. ఎగువ గ్రామాల మొరం అందులోకి రాదు. హిమాయత్‌నగర్ పొలంలో పడ్డ వాన ముందు ఖాళీ మొరాన్ని నింపుతుంది, ఆ తర్వాతనే వాగుకు ఊటనిస్తుంది, వాగు జలాశయానికి చేరుతుంది. మొరం ఎండిపోయిన ఏడు వాన బాగా కురిసినా వాగు పారదు. జలాశయానికి నీరు తగ్గడానికీ, రైతు బోరు ఎత్తిపోవడానికీ కారణం ఒకే పొరలో ఉంది. మొదటిది నగరానికి అవసరం లేకపోవచ్చు, రెండవది గ్రామానికి అవసరం.

పూల తోటలు, కూరగాయల మడుల మధ్య ఫామ్‌హౌస్‌లు, ఫంక్షన్ హాళ్లు లేచిన ఈ దారిలో ఇప్పుడు ‘ఇంకు’ అన్న క్రియకు రెండు పనులు పడ్డాయి. ఇంటి కప్పు మీది వాన ఒక గుంతలో ఇంకుతుంది. సెప్టిక్ ట్యాంకు నుంచి పొర్లే నీరు మరో గుంతలో ఇంకుతుంది. రెండు గుంతలూ ఒకే మొరంలోకి తెరుచుకుంటాయి. నగరంలోలాగా మురుగు కాలువ లేని చోట నివాసాలు పెరిగితే రెండవ గుంతల సంఖ్య ఇళ్లతో పాటే పెరుగుతుంది. కప్పులు, సిమెంటు నేలలు పరుచుకున్నకొద్దీ వాన ఇంకే చోటు తగ్గుతుంది. అడుగంటిన పొరలో ఈ రెండూ కలిసినప్పుడు పక్క పొలం బావిలో ఊరేది ఏమిటన్నది కొలిచి చెప్పవలసిన విషయం. జలాశయం నగరానికి ఎంత నీరిస్తుందో కొలిచిన పాఠం ఆ కొలతను అడగలేదు.